విడుదలకు ముందే కొత్త ఓఎస్‌ని పరీక్షించడం: నల్గొండ, పాలమూరు వాళ్లకు పనికొచ్చే పద్ధతి

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను ఆపేసింది. ‘జ్ఞా’ లాంటి ఒక కూర్పు, మధ్యలో కంటికి కనబడని ఒక కోడ్‌తో మెసేజ్‌లో వస్తే చాలు, ఆ యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరుచుకునేది కాదు. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. మనం బడిలో నేర్చుకున్న అక్షరం అది. బీటా (విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్) దశలోనే ఎవరో ఒకరు ఆ కూర్పు టైప్ చేసి, ‘ఇది ఇలా అవుతోంది’ అని గట్టిగా చెప్పి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) అయినా జనం చేతికి రాకముందు కొన్ని నెలలు పరీక్ష దశలో ఉంటుంది. ఆ దశలో ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటి లినక్స్ ఓఎస్‌లను ఎవరైనా ఉచితంగా దించుకుని వాడి చూడొచ్చు. విండోస్‌కి కూడా ‘ఇన్‌సైడర్’ అనే పద్ధతి 2014 నుంచి ఉంది. చాలామంది దీన్ని కొత్త ఓఎస్‌ని అందరికంటే ముందు చూసే అవకాశం అనుకుంటారు. నాకు మాత్రం ఇందులో మన పని చాలా ఉందనిపిస్తుంది. మహబూబ్‌నగర్ అనే పేరు తెర మీద సరిగ్గా పడుతోందా, జిరాక్స్ సెంటర్లో ఉన్న పాత ప్రింటర్ నడుస్తోందా, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే సిస్టమ్ మళ్లీ లేస్తోందా అన్నది దాన్ని తయారుచేసేవాళ్లకు తెలిసే దారి లేదు. ఆ ప్రింటరూ ఆ కరెంటు కోతలూ ఉన్నది మన దగ్గర. మనం చూసి చెప్పాలి, అదీ విడుదలకు ముందే చెప్పాలి.

దీనికి ప్రోగ్రామింగ్ రావాల్సిన పని లేదు. ఓపిక ఉండాలి, చూసింది చూసినట్టు రాయడం రావాలి. నేను ఎక్కువగా ఉబుంటునే ఉదాహరణగా తీసుకుంటాను, ఎందుకంటే దాని పరీక్ష పద్ధతి అందరికీ తెరిచి ఉంటుంది. విండోస్‌కి వేరుగా ఉన్న చోట ఆ మాట కూడా చెబుతాను.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఉబుంటు ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి వస్తుంది. వెర్షన్ నంబర్‌లోనే ఆ సంగతి ఉంటుంది: 24.04 అంటే 2024 ఏప్రిల్. సరి సంవత్సరాల్లో ఏప్రిల్‌లో వచ్చేది ఎల్‌టీఎస్, అంటే ఎక్కువ కాలం మద్దతు ఉండే వెర్షన్. దానికి ఐదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉంటాయి కాబట్టి కాలేజీ ల్యాబులు, ఆఫీసులు ఎక్కువగా దాన్నే పెట్టుకుంటాయి. మీకు తీరిక తక్కువైతే ఎల్‌టీఎస్‌కి ముందు వచ్చే బీటాకే ఆ సమయం కేటాయించండి.

విడుదలకు సుమారు రెండు నెలల ముందు ‘ఫీచర్ ఫ్రీజ్’ వస్తుంది. ఆ తర్వాత కొత్త సదుపాయాలు చేర్చరు, ఉన్నవాటిని చక్కదిద్దుతారు. మూడు నాలుగు వారాల ముందు బీటా వస్తుంది. ఇవి కాక రోజూ తయారయ్యే ‘డైలీ బిల్డ్’ కూడా ఉంటుంది. అది ఇవాళ బాగుండి రేపు బూట్ కాకపోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు బీటాతో మొదలుపెట్టండి. బీటా వచ్చిన మొదటి వారంలోనే చూడండి. విడుదలకు వారం ముందు చెప్పిన లోపాన్ని, అది డేటా పోగొట్టేంత పెద్దదైతే తప్ప, ఎవరూ ముట్టుకోరు.

ఫెడోరాది కూడా ఇంచుమించు ఇదే వరుస. డెబియన్‌కి తారీఖు ముందే ఖాయం కాదు. 12వ వెర్షన్ 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వచ్చాయి. దానిలో ‘టెస్టింగ్’ అనే శాఖ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. విండోస్ ఇన్‌సైడర్‌లో చేరేవాళ్లు చానెల్, అంటే ఏ దశలో ఉన్న వెర్షన్లు తమకు రావాలో, జాగ్రత్తగా ఎంచుకోవాలి. అన్నిటికంటే నిలకడగా ఉండేది ‘రిలీజ్ ప్రివ్యూ’, తర్వాత ‘బీటా’. ‘కానరీ’ లాంటి తొలి దశ చానెల్ జోలికి మొదట్లోనే పోవద్దు. అందులోంచి ఇంకా నిలకడైన చానెల్‌కి రావాలంటే మొత్తం తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే గతి.

ఏ కంప్యూటర్‌లో పెట్టాలి

మీరు రోజూ పని చేసుకునే దాంట్లో మాత్రం వద్దు. మీసేవ కౌంటర్ నడిపేవాళ్లు, ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్న విద్యార్థులు, మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూసే గుమస్తాలు ఈ మాట మరీ గట్టిగా పట్టుకోవాలి. ఇంట్లో పక్కన పడేసిన పాత ల్యాప్‌టాప్ ఉంటే దానికి ఇంతకంటే మంచి పని లేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైనా సరిపోతుంది. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కి అడిగింది 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్క్, 2 గిగాహెర్ట్జ్ డ్యుయల్ కోర్ ప్రాసెసర్. హార్డ్ డిస్క్ తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే పాత మెషిన్ కూడా హాయిగా నడుస్తుంది.

వేరే మెషిన్ లేకపోతే వర్చువల్‌బాక్స్ వాడండి. ఉన్న కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషిన్) నడిపే ప్రోగ్రామ్ అది. మీ కంప్యూటర్‌కి 8 జీబీ ర్యామ్ ఉంటే అందులో 4 జీబీ దానికి ఇచ్చి, ఒక కిటికీలో కొత్త ఓఎస్‌ని నడపొచ్చు. ఇది పాడైనా అసలు సిస్టమ్‌కి ఏమీ కాదు. ‘వీటీ-ఎక్స్ ఆపి ఉంది’ అని ఎర్రర్ వస్తే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్) వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. ప్రతి అప్‌డేట్‌కి ముందు ఒక ‘స్నాప్‌షాట్’, అంటే ఆ క్షణంలో మెషిన్ ఉన్న స్థితికి కాపీ, తీసుకోండి. ఏదైనా చెడితే ఒక్క క్లిక్‌తో వెనక్కి రావచ్చు, అంతకంటే ముఖ్యంగా అదే లోపాన్ని మళ్లీ మళ్లీ రప్పించి చూడొచ్చు.

వర్చువల్ మెషిన్‌కి ఒక హద్దు ఉంది. అందులో ఇన్‌స్టాలర్, డెస్క్‌టాప్, తెలుగు, యాప్‌లు చూడొచ్చు. వైఫై, బ్లూటూత్, మూత వేస్తే నిద్రపోయి తీస్తే లేవడం, బ్యాటరీ, టచ్‌ప్యాడ్ చూడటానికి అసలు మెషినే కావాలి.

అసలు మెషిన్ మీద పెట్టేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 2017 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 17.10 కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌ల బయోస్‌ని దెబ్బతీసింది. ఓఎస్ మూల భాగమైన కెర్నల్‌లో ఉన్న ఒక ఇంటెల్ డ్రైవర్ కారణంగా, బయోస్‌లో మార్చిన సెట్టింగులు నిలిచేవి కావు, కొన్నిటికి పెన్ డ్రైవ్ నుంచి బూట్ అయ్యే వీలే పోయింది. డిసెంబర్‌లో ఆ ఐఎస్ఓని (ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ఫైల్) వెనక్కి తీసుకుని, 2018 జనవరిలో సరిచేసి మళ్లీ ఇచ్చారు. అది బీటా కూడా కాదు, పూర్తి విడుదల. అరుదుగా జరుగుతుంది కానీ జరుగుతుంది. పాడైతే ఏడ్చేంత విలువైన మెషిన్ మీద పరీక్ష పెట్టవద్దనేది ఇందుకే.

బ్యాకప్

ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, పాస్‌బుక్ కాపీలు, డీటీపీ ఫైళ్లు బయటి హార్డ్ డిస్క్‌లోకి ఒక కాపీ, వేరే చోట ఇంకో కాపీ తీసుకోండి. కాపీ చేశాక ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

విండోస్ 11 పక్కనే ఉబుంటు పెట్టాలనుకునేవాళ్లు ఇంకొకటి చేయాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగులు కదిపితే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే దొరకవు. ముందుగానే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో ఫోటో తీస్తే సరిపోతుందని ఊరుకోవద్దు.

దించుకోవడం, పెన్ డ్రైవ్ చేయడం

ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్ఓ ఇప్పుడు దాదాపు 6 జీబీ. ఫోన్ డేటా మీద ఆధారపడేవాళ్లకు రోజువారీ కోటా దీనికి చాలదు. ఫైబర్ కనెక్షన్ ఉన్న మిత్రుల ఇంట్లోనో, కాలేజీలోనో దించుకోండి. బ్రౌజర్‌లో నేరుగా కాకుండా టోరెంట్ ద్వారా దించితే మధ్యలో నెట్ పోయినా, కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది. రోజూ డైలీ బిల్డ్ చూసేవాళ్లకు ‘జెడ్‌సింక్’ అనేది ఉంది. నిన్నటి ఐఎస్ఓ మీ దగ్గర ఉంటే మారిన భాగాలే దించుతుంది. మన నెట్ వేగాలకు అది పెద్ద ఊరట.

దించాక సరిచూడటం మానేయకండి. వెబ్‌సైట్‌లో ఐఎస్ఓ పక్కనే ఎస్‌హెచ్‌ఏ 256 అనే పొడవాటి అంకెల, అక్షరాల వరుస ఇస్తారు. విండోస్‌లో సెవెన్-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి అదే వరుసను మీ ఫైల్‌కి లెక్కగట్టొచ్చు. రెండూ ఒకటి కాకపోతే ఫైల్ చెడింది. ఆ చెడిన ఫైల్‌తో ఇన్‌స్టాల్ చేసి, మధ్యలో ఆగిపోతే ఉబుంటులో లోపం ఉందని రిపోర్టు చేసేవాళ్లు ఎంతోమంది. దానివల్ల అవతలివాళ్ల సమయం వృథా.

8 జీబీ కంటే తక్కువ కాని పెన్ డ్రైవ్ తీసుకోండి. రూఫస్‌తో గానీ బలేనా ఎచర్‌తో గానీ ఐఎస్ఓని దాని మీద రాయండి. అందులో అంతకుముందు ఉన్నదంతా పోతుంది. రెండు మూడు ఓఎస్‌లు చూడాలనుకుంటే వెంటాయ్ మంచిది. పెన్ డ్రైవ్‌ని ఒక్కసారి సిద్ధం చేస్తే, తర్వాత ఐఎస్ఓ ఫైళ్లను మామూలుగా కాపీ చేసుకోవడమే. బూట్ మెనూకి డెల్‌లో, లెనోవోలో ఎఫ్12, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9.

ఇన్‌స్టాల్ చేయకముందే

పెన్ డ్రైవ్ నుంచి బూట్ అయ్యాక ‘ట్రై’ అనే మార్గం ఉంటుంది. డిస్క్‌ని ముట్టుకోకుండా కొత్త ఓఎస్‌ని చూడొచ్చు. వైఫై దొరికిందా, స్పీకర్ మోగుతోందా, కెమెరా పనిచేస్తోందా, తెర వెలుతురు తగ్గించే బటన్లు నొక్కితే తగ్గుతోందా అని ఇక్కడే తేల్చుకోండి. వైఫై రాకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వస్తుంది. ఇదే కంప్యూటర్‌లో పాత వెర్షన్ ఉన్నప్పుడు వైఫై వచ్చేదా లేదా అన్నది తప్పక రాసి పెట్టుకోండి. ‘పాతదాంట్లో వచ్చేది, కొత్తదాంట్లో రావడం లేదు’ అన్న ఒక్క ముక్క తయారుచేసేవాళ్లకు చాలా విలువైనది. ఎక్కడ వెతకాలో దాంతో తెలుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోన్‌తో ప్రతి తెరనీ ఫోటో తీయండి. ఇన్‌స్టాలర్ ఆగిపోతే స్క్రీన్‌షాట్ తీసే వీలుండదు, ఆ ఫోటోనే ఆధారం.

తెలుగును ఎలా పరీక్షించాలి

ఇక్కడే మనం అందరికంటే ఎక్కువ పనికొస్తాం కాబట్టి తొందరపడకుండా చేయండి.

ముందు కీబోర్డ్. సెట్టింగుల్లో తెలుగు చేర్చండి. ఉబుంటులో ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లాంటి కీబోర్డ్ పద్ధతులు వస్తాయి. విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఫోనెటిక్ ఉంటాయి. మీకు అలవాటైన దానితో ఒక పేజీ నిండా టైప్ చేయండి. తెలుగులో ఉండగానే స్క్రీన్ లాక్ చేసి పాస్‌వర్డ్ కొట్టి చూడండి. లాక్ తెర మీద భాష మార్చే గుర్తు కనబడాలి, లేదంటే కీబోర్డ్ ఇంగ్లిష్‌కి మారి ఉండాలి. రెండూ లేకపోతే మనిషి తన కంప్యూటర్ బయటే ఉండిపోతాడు.

తర్వాత ‘మహబూబ్‌నగర్’ అని టైప్ చేయండి. ఇది పరీక్షకు అచ్చంగా సరిపోయే మాట. మధ్యలో ఉన్న ‘బ్’ పొల్లుగా నిలబడి, పక్కన ‘న’ విడిగా రావాలి. అలా రావాలంటే రెండిటి మధ్య జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కంటికి కనబడని కోడ్ ఉండాలి. అది లేకపోతే ‘న’ వత్తుగా మారి ‘బ’ కిందికి దిగి ‘మహబూబ్నగర్’ అవుతుంది. ఇప్పుడు చూడాల్సినవి: మీ కీబోర్డ్‌తో ఆ కోడ్ కొట్టే వీలుందా? ఆ పేరుతో ఫోల్డర్ చేస్తే ఫైల్ మేనేజర్‌లో సరిగ్గా కనిపిస్తోందా? కోడ్ లేకుండా టైప్ చేసి వెతికితే ఆ ఫోల్డర్ దొరుకుతోందా? బాణం కీ నొక్కుతూ పోతే కర్సర్ ఆ కనబడని కోడ్ దగ్గర ఒక నొక్కు ఎక్కువ తింటోందా? బ్యాక్‌స్పేస్ కొడితే ఏమేం పోతున్నాయి? ఒక్క ఊరి పేరుతో ఇన్ని తేలతాయి. ‘ల్యాప్‌టాప్’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలదీ ఇదే తీరు.

పిమ్మట వత్తులు. ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’, ‘అర్ఘ్యం’, ‘జ్ఞానేశ్వర్’ రాసి, వాటిని మామూలు పేజీలోనే కాకుండా కిటికీ పైపట్టీలో, మెనూలో, ట్యాబ్ పేరులో, నోటిఫికేషన్‌లో కనబడేలా చేయండి. పేజీలో బాగున్న వత్తు, ఇరుకు చోట్లలో అడుగున తెగిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే ఎత్తు పెట్టడం వల్ల వచ్చే లోపం ఇది. తెలుగు చదవలేనివాళ్లకు అది లోపంలా కనబడనే కనబడదు. బోల్డ్ చేసి చూడండి, సైజు తగ్గించి చూడండి. అరసున్న, ‘ఱ’, ‘ౘ’, ‘ౙ’, తెలుగు అంకెలు కూడా ఒక వరుసలో కొట్టి ఎక్కడైనా ఖాళీ డబ్బా వస్తోందేమో చూడండి.

లోపం కనబడితే అది ఎవరిదో కొంతవరకు మీరే తేల్చవచ్చు. ఫాంట్ మార్చండి. నోటో సాన్స్ తెలుగులో తప్పుగా వచ్చి లోహిత్ తెలుగులో సరిగ్గా వస్తే అది ఫాంట్ లోపం. ఏ ఫాంట్ పెట్టినా ఒక్క యాప్‌లోనే తప్పుగా వస్తే యాప్ లోపం. అన్ని యాప్‌లలో, అన్ని ఫాంట్లలో తప్పైతే అక్షరాలను కూర్చే భాగంలో, లినక్స్‌లో అయితే ఎక్కువగా హార్ఫ్‌బజ్‌లో, లోపం ఉన్నట్టు. ఈ పది నిమిషాల పని అవతలివాళ్లకు రోజుల పని తగ్గిస్తుంది.

విండోస్ బీటా చూస్తున్న డీటీపీ మిత్రులు అనూ ఫాంట్లతో ఒక శుభలేఖ తెరిచి, ప్రింట్ కొట్టి చూడండి. నల్గొండలోనైనా నారాయణపేటలోనైనా డీటీపీ షాపులకు పాత ఫైళ్లే ఆస్తి. అవి తెరుచుకోని వెర్షన్ ఎంత అందంగా ఉన్నా మనకు పనికిరాదు.

పరికరాలు, కరెంటు, వేగం

ప్రింటర్ మొదట చూడండి. మన దగ్గర జిరాక్స్ సెంటర్లలో తరచుగా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 ‘క్యాప్ట్’ అనే తన సొంత పద్ధతిలో నడుస్తుంది, దానికి వేరే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్ కొత్త వెర్షన్‌లో ఇన్‌స్టాల్ అవుతోందో లేదో తెలిస్తే ఎంతోమందికి మేలు. వేలిముద్ర స్కానర్, డిజిటల్ సంతకం డాంగిల్, ప్రొజెక్టర్ ఎవరి దగ్గర ఏది ఉంటే అది పెట్టి చూడండి. పరికరం గుర్తించడం, పని చేయడం వేర్వేరు. ప్రింటర్ పేరు జాబితాలో కనబడగానే సరిపోయిందనుకోకుండా తెలుగు పేజీ ఒకటి ప్రింట్ తీయండి. తెలుగు పేజీని పీడీఎఫ్ చేసి, అందులోంచి ఒక పేరా కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేసి అక్షరాలు చెదిరాయేమో కూడా చూడండి.

కరెంటు పరీక్ష వర్చువల్ మెషిన్‌లో చేయండి. స్నాప్‌షాట్ తీసుకుని, అప్‌డేట్ నడుస్తుండగా మెషిన్‌ని ఉన్నపళంగా పవర్ ఆఫ్ చేయండి. మళ్లీ ఆన్ చేస్తే లేచిందా? లేచాక మిగిలిన అప్‌డేట్‌ని తనే పూర్తి చేసిందా, ఎర్రర్ చూపి ఆగిందా? బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌తో, ఇన్వర్టర్ లేని ఇంట్లో చదువుకునే పిల్లలకు ఇది రోజువారీ సంగతి.

చిన్న ఆలస్యాలను కూడా పట్టించుకోండి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ డెబియన్ పరీక్ష శాఖల్లో ఒకటైన ‘అన్‌స్టేబుల్’ వాడుతుండగా, రిమోట్ లాగిన్ మామూలు కంటే దాదాపు అర సెకను ఎక్కువ తీసుకోవడం గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ పోతే, ‘ఎక్స్‌జెడ్’ అనే కుదింపు ప్రోగ్రామ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన దొంగదారి బయటపడింది. అప్పటికి అది డెబియన్, ఫెడోరాల పరీక్ష వెర్షన్లలోకి వచ్చేసింది. జాగ్రత్త కోసం ఉబుంటు 24.04 బీటాను కూడా ఒక వారం వెనక్కి జరిపారు. పరీక్ష వెర్షన్ వాడే మనిషి ఒక్కడు ‘ఏంటిది, నెమ్మదిగా ఉందే’ అని ఆగి చూడటం వల్ల, అది పూర్తి విడుదలల్లోకి వెళ్లి ప్రపంచమంతా పాకకముందే దొరికింది.

ఈ ఉదంతంలోనే ఇంకో హెచ్చరిక కూడా ఉంది. పరీక్ష వెర్షన్‌లో ఏముందో ఎవరికీ పూర్తిగా తెలియదు. అందులో బ్యాంకు పని చేయొద్దు, ఆధార్ కాపీలు పెట్టొద్దు, మీ అసలు పాస్‌వర్డ్‌లు దాచొద్దు. విండోస్ ఇన్‌సైడర్‌లో చేరాలంటే అదనపు డయాగ్నోస్టిక్ డేటా పంపడానికి ఒప్పుకోవాలి, అది కూడా మనసులో ఉంచుకోండి.

రిపోర్టు రాయడం

ఎంత పరీక్షించినా రాయకపోతే ఎవరికీ తెలియదు. రాసినా సరిగ్గా రాయకపోతే అంతే సంగతులు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ ఒకటి, 1809 వెర్షన్, కొందరి డాక్యుమెంట్ల ఫోల్డర్లలోని ఫైళ్లను చెరిపేసింది. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ ఇచ్చింది. బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఇన్‌సైడర్లలో కొందరు విడుదలకు ముందే ఈ సంగతి, విండోస్ లోపాలు తెలిపే యాప్ అయిన ఫీడ్‌బ్యాక్ హబ్‌లో రాశారు. ఓట్లు పెద్దగా పడకపోవడంతో ఆ మాట మిగతా వాటి కింద పడిపోయింది. ఆ తర్వాతే లోపం ఎంత తీవ్రమో తెలిపే అంశాన్ని అందులో చేర్చారు.

ఉబుంటులో టెర్మినల్ తెరిచి ‘ఉబుంటు-బగ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, పక్కన ప్యాకేజీ (లోపమున్న ప్రోగ్రామ్) పేరు రాస్తే, వెర్షన్ వివరాలూ లాగ్‌లూ (సిస్టమ్ తనలో జరిగింది రాసుకునే ఫైళ్లు) తనే సేకరించి, ఉబుంటు లోపాలు నమోదు చేసే వెబ్‌సైట్ లాంచ్‌ప్యాడ్ పేజీ తెరుస్తుంది. విండోస్‌లో విండోస్ కీ, ఎఫ్ కలిపి నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ వస్తుంది. ముందు అదే లోపం ఎవరైనా రాశారేమో వెతకండి. ఉంటే కొత్తది రాయకుండా ‘నాకూ ఇదే సమస్య’ అన్న చోట నొక్కి, మీ మెషిన్ మోడల్ చేర్చండి. లాంచ్‌ప్యాడ్‌లో రెండో మనిషి అలా నొక్కగానే ఆ బగ్ (లోపం) ‘కన్ఫర్మ్‌డ్’ స్థితిలోకి మారుతుంది. ఎంజీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో చదివే నలుగురు కలిసి చేస్తే బలం ఎక్కువ అనేది ఇందుకే.

రిపోర్టు ఇంగ్లిష్‌లోనే రాయాలి. చిన్న చిన్న వాక్యాలు చాలు, వ్యాకరణం గురించి టెన్షన్ వద్దు. మహబూబ్‌నగర్ ఫోల్డర్ సంగతే అనుకుంటే, ఇలాంటి విషయం అందులో ఉండాలి:

‘ఫైల్స్ యాప్‌లో తెలుగు పేరున్న ఫోల్డర్ వెతికితే దొరకడం లేదు. ఒకటి: జెడ్‌డబ్ల్యూఎన్‌జే ఉన్న ఈ పేరుతో ఫోల్డర్ చేశాను. రెండు: వెతికే చోట అదే పేరును ఆ కోడ్ లేకుండా టైప్ చేశాను. జరగాల్సింది: ఫోల్డర్ కనబడాలి. జరిగింది: ఏమీ లేదని చూపింది. ప్రతిసారీ ఇలాగే అవుతోంది. కిందటి వెర్షన్‌లోనూ ఇలాగే ఉంది.’

అవతల చదివే మనిషికి తెలుగు రాదు. అతనికి రెండు రూపాలూ గీతల్లాగే కనిపిస్తాయి. కాబట్టి తప్పుగా వచ్చిన దాని స్క్రీన్‌షాట్, సరిగ్గా ఎలా ఉండాలో చూపే ఇంకో చిత్రం పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట ఎర్ర గీత గీయండి. అక్షరాలను టెక్స్ట్‌గా కూడా పేస్ట్ చేయండి. వీలైతే యూనికోడ్ సంఖ్యలు ఇవ్వండి. ‘బ్‌న’కి అవి 0సి2సి, 0సి4డి, 200సి, 0సి28. ఆ నాలుగు సంఖ్యలతో తెలుగు రాని ఇంజినీర్ కూడా అదే లోపాన్ని తన మెషిన్ మీద రప్పించగలడు.

ఒక రిపోర్టులో ఒకే లోపం రాయండి. వైఫై, వత్తులు, ప్రింటర్ అన్నీ కలిపి రాస్తే వేర్వేరు బృందాలు చూడాల్సినవి ఒకరి దగ్గరే ఇరుక్కుపోతాయి. సిస్టమ్ మొత్తం బిగుసుకుపోయి రీస్టార్ట్ చేయాల్సి వస్తే, కిందటిసారి బూట్ అయినప్పటి లాగ్ జతచేయండి. లాగ్ పంపేముందు ఒకసారి తిరగేయండి. అందులో మీ పేరు, వైఫై పేరు, ఫైళ్ల పేర్లు ఉండొచ్చు, బగ్ పేజీ అందరూ చూడగలిగేది.

రాసి వదిలేయకండి. ‘కొత్త బిల్డ్‌లో చూసి చెప్పండి’ అని జవాబు వస్తుంది. అలా అడిగినప్పుడు లాంచ్‌ప్యాడ్‌లో బగ్‌ని ‘ఇన్‌కంప్లీట్’లో పెడతారు. 60 రోజులు ఎవరూ పలకకపోతే అది దానంతటదే మూసుకుపోతుంది. మీరు కష్టపడి పట్టుకున్న లోపం అలా పోకూడదు. మెయిల్ చూస్తూ ఉండండి, బాగైతే బాగైందని కూడా రాయండి.

విడుదలయ్యాక

ఉబుంటు బీటా పెట్టుకున్నవాళ్లు మామూలుగా అప్‌డేట్లు చేసుకుంటూ పోతే విడుదల రోజుకి అదే పూర్తి వెర్షన్ అవుతుంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. నేను మాత్రం, పరీక్షల కోసం అటూ ఇటూ కెలికిన మెషిన్‌ని తుడిచి కొత్తగా పెట్టుకోమనే చెబుతాను. విండోస్ ఇన్‌సైడర్ బిల్డులకు గడువు తేదీ ఉంటుంది, అది దాటేలోపు అప్‌డేట్ చేయడమో బయటకు రావడమో చేయాలి.

రోజూ డబ్బు లెక్కలు, దరఖాస్తులు నడిచే షాపు కంప్యూటర్‌ని విడుదల రోజే మార్చవద్దు. ఉబుంటు కూడా పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు కొత్త ఎల్‌టీఎస్‌ని, కొన్ని నెలల తర్వాత వచ్చే మొదటి పాయింట్ వెర్షన్, అంటే ‘.1’ దాకా ఆగి అప్పుడే అందిస్తుంది. ఈలోగా మీరు రాసిన లోపాల్లో ఏవి బాగయ్యాయో పరీక్ష మెషిన్ మీద ఒక్కొక్కటీ చూసుకోండి. ప్రింటర్, తెలుగు, స్కానర్ మూడూ సరిగ్గా నడిచాకే కౌంటర్ మీది కంప్యూటర్ ముట్టుకోండి.